సమజైందా అని అడగకండి

ప్రశ్న: నమస్తే సార్. మాది నల్లగొండ. ఎంకాం, ఎల్ఎల్ఎం చేశాను. పగలు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. రెండేళ్లుగా సాయంత్రం పూట ఒక విశ్వవిద్యాలయం నడిపే ఆన్‌లైన్ ఎంబీఏలో బిజినెస్ లా, అకౌంట్స్ చెప్తున్నాను. నా బ్యాచ్‌లో 84 మంది ఉన్నారు. లైవ్ క్లాసుకు వచ్చేది ఇరవై మందికి మించదు. అందరి కెమెరాలూ ఆఫ్. "సమజైందా?" అని అడిగితే చాట్‌లో వరసగా "ఎస్ మేడమ్" అని పడుతుంది. అసైన్‌మెంట్లు చూస్తే ఏమీ సమజు కాలేదని తెలుస్తుంది. మొన్న వచ్చిన వాటిలో ముప్పైకి పైగా ఒకే తీరుగా ఉన్నాయి. ఏఐతో రాయించారని చదవగానే తెలిసిపోతోంది.

ఇవి కాక, రెగ్యులర్ లా కాలేజీలకు వెళ్లే ఇరవై మంది ఎల్ఎల్‌బీ పిల్లలకు ఆదివారం పొద్దున ఆన్‌లైన్‌లో ఉచితంగా సాయం చేస్తున్నాను. వాళ్లలో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. సెక్షన్ చదువుతారు గానీ లెక్క ఇచ్చినట్టు ఒక సమస్య ఇస్తే రాయలేరు. ఎంబీఏలో అచ్చంపేట దగ్గరి అబ్బాయి ఒకడున్నాడు. సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ పని చేస్తాడు. మొదటి నెలంతా తప్పకుండా వచ్చాడు. మూడు వారాలుగా లాగిన్ కూడా కాలేదు. ఇంకొకరేమో "మేడమ్, ఎల్ఎల్‌బీ కూడా ఆన్‌లైన్‌లో ఉందంట, ఒకాయన సీటు ఇప్పిస్తనంటున్నడు, కట్టమంటారా?" అని అడుగుతున్నారు. నేను చదువు చెప్తున్నానా, గోడతో మాట్లాడుతున్నానా అర్థం కావడం లేదు. ఏం చేయాలి?

– ఒక అధ్యాపకురాలు, నల్లగొండ

సమాధానం: అమ్మా, ముందుగా ఆ "సమజైందా?" అనే ప్రశ్న మానేయండి. ముప్పై ఏళ్లు నేనూ అదే అడిగాను. మా పాలమూరులో దానికి ఒకటే జవాబు, "సమజైంది సార్". కాలేదని చెప్పాలంటే పదిమందిలో తన తెలివి తక్కువని ఒప్పుకోవాలి, పైగా సారు సరిగ్గా చెప్పలేదని ముఖం మీద అన్నట్టవుతుంది. ఏ పిల్లవాడు అంటాడు? తరగతి గదిలో ఉన్నప్పుడు వాళ్ల మాట నమ్మకుండా ముఖాలు చూసి నడిపేవాళ్లం. పెన్ను మూత నమిలేవాడు, పక్కవాడి నోటుబుక్కులోకి తొంగి చూసేవాడు మనకు నిజం చెప్పేవాళ్లు. ఆన్‌లైన్‌లో ఆ ముఖాలు పోయాయి, ప్రశ్న మాత్రం నోట్లో మిగిలిపోయింది.

దాని బదులు తప్పించుకోవడానికి వీల్లేని చిన్న ప్రశ్న వేయండి. "పదిహేడేళ్ల పిల్లవాడు బైకు కోసం నలభై వేలు అప్పు తీసుకుని నోటు రాసిచ్చాడు. అప్పిచ్చినాయన కోర్టుకు వెళ్తే డబ్బు వస్తుందా? వస్తుందనుకుంటే 1, రాదనుకుంటే 2 కొట్టండి." జవాబు మీకొక్కరికే కనిపించేలా పెట్టండి. ఆ తర్వాత నలభై సెకన్లు నోరు మూసుకోండి. ఇది రాసినంత తేలిక కాదు, మాస్టర్లకు మౌనం చేదు. పది సెకన్లకే మనమే జవాబు చెప్పేస్తాం. ఆగితే పన్నెండు ఒకట్లు, ఏడు రెండ్లు వస్తాయి. ఇక పాఠం దానంతట అదే మొదలవుతుంది. ఒకటి కొట్టినవాళ్లను "ఎందుకు?" అని అడిగితే చాలు.

కెమెరాల సంగతి పట్టించుకోకండి. ఆన్ చేయమని ఒత్తిడి చేసే సంస్థలు ఉన్నాయి, నాకది నచ్చదు. ఒకటే గది ఉన్న ఇంట్లో వెనకాల అమ్మ వంట చేస్తుంటుంది, తమ్ముడు బనీనుతో తిరుగుతుంటాడు. పెళ్లయిన అమ్మాయి అత్తగారింట్లో తలుపు దగ్గరేసుకుని వింటుంటుంది. రోజుకు ఒకటిన్నర జీబీ డేటాలో ఇంటిల్లిపాదీ వాడుకోవాలి. వాళ్లు దాక్కుంటున్నారని మీరు అనుకుంటున్నారు, అందులో సగం మంది వీలుకాక ఆఫ్ చేసుకున్నవాళ్లే.

ఇక్కడొక మాట. మన ప్రాంతానికి దూరవిద్య కొత్తేమీ కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది. మొదట్లో దాని కార్యాలయం మీ జిల్లాలోని నాగార్జునసాగర్‌లోనే ఉండేది. ఇప్పుడది హైదరాబాద్‌లో అంబేద్కర్ పేరుతో ఉంది. అలాంటి చదువుకే చెందిన ఒక స్టడీ సెంటర్‌లో నేను చాలా ఏళ్లు ఆదివారం కౌన్సెలర్‌గా పనిచేశాను. బస్సు కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, రైస్ మిల్లు గుమాస్తాలు వచ్చేవాళ్లు. అప్పుడు నెట్ లేదు, ఫోన్లు లేవు. అయినా మీ ఉత్తరంలో ఉన్న బాధలన్నీ అప్పుడూ ఉన్నాయి. అందుకే ఇది సాఫ్ట్‌వేర్ సమస్య అని ఎవరైనా అంటే నేను నమ్మను.

కొల్లాపూర్ వైపు నుంచి ఒకామె వచ్చేది. అంగన్‌వాడీలో పని, ఇద్దరు పిల్లలు. కామర్స్ అసైన్‌మెంట్ రాసి పోస్టులో పంపింది. నేను దాన్ని సంచిలో పెట్టుకుని రెండు నెలలు తిప్పాను. నా పెళ్లిళ్లు, నా పేరంటాలు, నా ఇన్విజిలేషన్లు నాకున్నాయి. ఆమె పరీక్షకు రాలేదు. ఏడాది తర్వాత బస్టాండులో కనిపిస్తే అడిగాను. "మీరు తిరిగి పంపలేదు గదా సార్, నాకు ఈ సదువు రాదేమో అనుకున్న" అంది. నేను పేపరు విప్పి కూడా చూడలేదు. ఆమె మాత్రం నా మౌనాన్ని తీర్పు అనుకుంది.

అప్పటి నుంచి నాకొకటి గట్టిగా పట్టుకుంది. దూరంగా ఉండి చదివేవాళ్లకు అసలు క్లాసు మీరిచ్చే లెక్చర్‌లో జరగదు. వాళ్లు రాసిన కాగితం మీద మీరు రాసే రెండు వాక్యాల్లో జరుగుతుంది. లెక్చర్ 84 మందికీ ఒకటే. ఆ రెండు వాక్యాలు మాత్రం ఒక్కరివే. మీరు సాయంత్రం లైవ్‌కు పెట్టే ప్రాణంలో సగం తీసి అక్కడ పెట్టమంటాను.

84 పేపర్లు ఎలా దిద్దాలని మీరు అడుగుతారు. అందుకే నెలకో పదిహేను పేజీల అసైన్‌మెంట్ వద్దు. విశ్వవిద్యాలయం అడిగేది ఎలాగూ ఉంటుంది, దాన్ని ఉండనివ్వండి. దానికి ముందు, మొదటి రెండు వారాల్లోనే, నూట యాభై మాటల్లో రాసే ఒక్క ప్రశ్న ఇవ్వండి. మార్కులు లేకుండా. చేత్తో రాసి ఫొటో తీసి పంపినా సరే అనండి. ఒక్కొక్కదానికి మూడు నిమిషాలు వేసుకుంటే 84 మందికి 252 నిమిషాలు. వారం మీద రోజుకు నలభై నిమిషాలు కూడా కాదు. ఏడు రోజులు దాటకుండా తిరిగి పంపండి. ఎనిమిదో రోజు నుంచి ఆ ప్రశ్న వాళ్ల మనసులోంచి వెళ్లిపోతుంది, తర్వాత మీరెంత గొప్పగా రాసినా అది పాత పేపరే.

ఏం రాయాలన్నది ఇంకా ముఖ్యం. "గుడ్", "ఇంకా వివరంగా రాయాలి" అని రాస్తే రాయనట్టే. ఆ బైకు అప్పు సమస్యనే తీసుకోండి. ఒక విద్యార్థి కాంట్రాక్టు అంటే ఏమిటో ఒక పేజీ, చెల్లుబాటయ్యే కాంట్రాక్టుకు ఉండాల్సిన లక్షణాలు ఇంకో పేజీ నింపి, చివర "కాబట్టి మైనర్ ఒప్పందం చెల్లదు" అని ముగిస్తాడు. అతనికి ఇలా రాయండి: "కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 సరిగ్గా పట్టుకున్నావు. మైనర్ ఒప్పందం చెల్లదన్న 1903 నాటి మొహరీ బీబీ కేసు గుర్తు పెట్టుకోవడం బాగుంది. కానీ మన పిల్లవాడికి పదిహేడేళ్లని, పద్దెనిమిది నిండితేనే మేజర్ అని ఎక్కడా రాయలేదు. నియమాన్ని ఈ పిల్లవాడికి ముడివేసే ఒక్క వాక్యం రాసి రేపటికల్లా పంపు." ఇందులో ఒక మెచ్చుకోలు ఉంది, అది ఉత్తుత్తి మెచ్చుకోలు కాదు. ఒక లోటు ఉంది. రేపు చేయగలిగిన ఒక పని ఉంది. ఐదు లోట్లు కనిపించినా ఒక్కటే చెప్పండి. మిగిలిన నాలుగు వచ్చే పేపరులోనూ ఉంటాయి, ఎక్కడికీ పోవు.

రాయడం కష్టమైతే నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి, తెలుగులోనే. సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ తన పేరుతో మేడమ్ మాట్లాడడం వింటే ఆ మనిషి ఇక మాయం కాడు. వీళ్లు నిజానికి పిల్లలు కారు. మీ 84 మందిలో ముప్పై అయిదు దాటినవాళ్లు ఎందరున్నారో ఒకసారి చూడండి.

అందుకే మొదటి వారంలో మూడు సంగతులు అడిగి నోటుబుక్కులో రాసుకోండి. ఏ ఊరు, ఏం పని, రోజులో ఏ గంట తనది. మూడోది అడిగితే చాలామంది ఆశ్చర్యపోతారు. మిల్లులో పనిచేసేవాడికి రాత్రి పదిన్నర, టీచరమ్మకు తెల్లవారుజామున ఐదు. మీ లైవ్ క్లాసు సాయంత్రం. నైట్ డ్యూటీవాడికి అప్పుడే డ్యూటీ మొదలు, ఇల్లాలికి అప్పుడే వంట. ఇరవై మందే రావడంలో వింతేముంది? వాళ్ల కోసం గంట లెక్చర్‌ను పది పది నిమిషాల ముక్కలుగా చేసి పెట్టండి. ఒక్కో ముక్కకు ఒక్కో ప్రశ్నే ఉండాలి. వీడియోతో పాటు ఒట్టి ఆడియో ఫైలు కూడా ఇవ్వండి. అమ్రాబాద్ వైపు నల్లమల ఊళ్లలో సిగ్నల్ కోసం ఇంటి మిద్దె ఎక్కాల్సి వస్తుంది, అక్కడ వీడియో తిరుగుతూనే ఉంటుంది. లైవ్ క్లాసును మాత్రం వాదనకే ఉంచండి. ఒకటి కొట్టినవాళ్లు, రెండు కొట్టినవాళ్లు పోట్లాడుకోవాలి.

ఇక భాష. మీ ఎల్ఎల్‌బీ పిల్లలు సెక్షన్ చదివి సమస్య రాయలేకపోవడానికి తెలివి కారణం కాదు. వాళ్లను కష్టమైన ఇంగ్లిష్ మాటలు ఇబ్బంది పెట్టవు, వాటిని డిక్షనరీలో చూసుకుంటారు. మోసం చేసేవి తేలిక మాటలు. కన్సిడరేషన్ అంటే ఆలోచించడం అని ఇంటర్‌లో నేర్చుకున్నారు. కాంట్రాక్టు చట్టంలో అది ప్రతిఫలం. పార్టీ అంటే విందో రాజకీయ పక్షమో కాదు, కక్షిదారు. ఎగ్జిక్యూట్ చేయడమంటే సంతకం పెట్టి పత్రం పూర్తి చేయడం. ఇన్‌స్ట్రుమెంట్ అంటే ప్రామిసరీ నోటు లాంటి పత్రం. ఇలాంటివి ఓ నలభై మాటలు జాబితా చేసి, పక్కన తెలుగు, దాని పక్కన ఊళ్లో జరిగే ఒక ఉదాహరణ రాసి ఇవ్వండి. ఒక్క ఆదివారం పని. పరీక్ష ఇంగ్లిష్‌లో రాసేవాళ్లయినా ముందు జవాబు తెలుగులో నోటితో చెప్పించండి. నోటితో చెప్పగలిగింది రాయడానికి వారం పడుతుంది. నోటితో చెప్పలేనిది రాయిస్తే గైడు కాపీ కొడతారు.

సమస్యకు జవాబు రాసే పద్ధతి లా కాలేజీల్లో ఐరాక్ అని చెప్తారు. వివాదం ఏమిటి, దానికి నియమం ఏమిటి, ఇక్కడి సంగతులకు అదెలా వర్తిస్తుంది, చివరికి తేలిందేమిటి. మన పిల్లలు రెండోదాన్ని మూడు పేజీలు రాసి మూడోదాన్ని వదిలేస్తారు. నాలుగు వారాలు మూడోదొక్కటే రాయించండి. నియమం మీరే ఇవ్వండి, సంగతులు మీరే ఇవ్వండి, ముడి మాత్రం వాళ్లు వేయాలి.

ఆ సంగతులు ఎక్కడి నుంచి తేవాలి? పాఠ్యపుస్తకంలో లండన్ దుకాణాలుంటాయి. మన దగ్గర ప్రామిసరీ నోటు చూడని ఇల్లుందా? "మూడేండ్లు కాకముందే నోటు తిరగరాయించుకో" అని బడికి పోని పెద్దమనిషి కూడా చెప్తాడు. అది దావా వేయడానికి గడువు పెట్టే 1963 నాటి లిమిటేషన్ చట్టం. గడువు దాటకముందే బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే గడువు మళ్లీ మొదలవుతుంది, అది సెక్షన్ 18. గడువు దాటిపోయాక కూడా ఇస్తానని రాసి సంతకం చేస్తే ఆ మాట చెల్లుతుంది, అది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25లోని మూడో మినహాయింపు. ఇంట్లో తాత చెప్పిన మాటకు సెక్షన్ నంబరు దొరికినప్పుడు ఆ పిల్లల ముఖం వెలుగుతుంది. కెమెరా ఆఫ్‌లో ఉన్నా మీకు తెలుస్తుంది, అందరూ ఒకేసారి మైక్ ఆన్ చేస్తారు.

మీ ప్రాంతం బత్తాయి తోటలున్న నేల. కాయ పిందె మీద ఉండగానే వ్యాపారి తోట మొత్తం మాట్లాడుకుని అడ్వాన్సు ఇస్తాడు. కాయ ఇంకా చేతికి రాలేదు కాబట్టి వస్తు విక్రయ చట్టం ప్రకారం అది అమ్మకమా, అమ్ముతానన్న ఒప్పందమా? మధ్యలో వడగండ్లు పడి కాయ రాలితే అడ్వాన్సు ఎవరిది? ఈ ఒక్క ప్రశ్నతో రెండు వారాలు నడపొచ్చు.

ఎంబీఏ వాళ్లకు మిత్తి లెక్కతో మొదలుపెట్టండి. "నూటికి రెండు రూపాయలు" అంటే నెలకు రెండు శాతం, ఏడాదికి 24 శాతం అని వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. మిత్తికి మిత్తి కడితే 26.8 అవుతుందని మీరు చూపించండి. తర్వాత వాళ్ల బైకు ఈఎంఐ కాగితం తెమ్మనండి. ఏడాదిలో తీర్చే అరవై వేల అప్పుకు "పన్నెండు శాతం ఫ్లాట్" అంటే ఏడాది మిత్తి 7,200, నెలకు 5,600 కిస్తీ. అసలు ప్రతి నెలా తగ్గుతున్నా మిత్తి మాత్రం మొత్తం అరవై వేల మీదే వేశారు కాబట్టి నిజంగా పడే రేటు 21 శాతం దాటుతుంది. ఈ లెక్క కట్టినవాడు ఆ రాత్రి ఇంట్లో పడుకోడు, అందరికీ చెప్తాడు. ఫైనాన్స్ పాఠం ఒంటబట్టిందనడానికి నాకు తెలిసిన పరీక్ష అదే.

వ్యాపారం, చట్టం ఒకేచోట కలిసే కథ కావాలంటే మీ పాత జిల్లాలోనే ఉంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, చీరకు ఆసు పోయడంలో, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో చుట్టడంలో, తల్లి చేయి నొప్పి చూడలేక యంత్రం చేశారు. 1999లో అది పనిచేసింది, తల్లి పేరుతో లక్ష్మీ ఆసు యంత్రం అయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రానికి పేటెంట్ ఎందుకు, ఇరవై ఏళ్లు దాటాక ఏమవుతుంది, ఆసు పోసే ఇల్లాలి కూలి చీర ఖరీదులో ఎవరైనా కలిపారా? పుట్టపాకలోనో పోచంపల్లిలోనో ఒక నేత ఇంటికి వెళ్లి నూలు, రంగు, రోజులు, కూలి లెక్క రాసుకు రమ్మనండి. కాస్టింగ్ ఫార్ములా కంటే ముందు, కూలి కాలమ్‌లో ఇంటి ఆడవాళ్ల వరస ఖాళీగా ఉందని వాళ్లకే కనిపిస్తుంది.

ఏఐ సంగతికి జవాబు ఇక్కడే సగం వచ్చేసింది. "కాంట్రాక్టు లక్షణాలు వివరించుము" అని అడిగితే యంత్రం రాస్తుంది, ఎందుకు రాయదు? మీ ఇంటి ఈఎంఐ కాగితం గురించి అడిగితే ముందు ఆ కాగితం వెతకాలి. పట్టుకునే సాఫ్ట్‌వేర్లను నమ్మి ఎవరినీ దొంగ అనకండి, అవి చేత్తో రాసినవాడినీ పట్టుకుంటాయి. ఆ ముప్పై మందిని మందలించే ముందు ఒక్కొక్కరికి రెండు నిమిషాలు ఫోన్ చేసి, వాళ్ల జవాబులోంచే ఒక వాక్యం చదివి, "ఇదేంటో నీ మాటల్లో చెప్పు" అనండి. కొందరు చెప్తారు, వాళ్లు యంత్రాన్ని ఇంగ్లిష్ కోసం వాడుకున్నారు. చెప్పలేనివాళ్లకు మళ్లీ రాసే అవకాశం ఇవ్వండి, మార్కు సున్నా తర్వాత సంగతి.

లా పిల్లలకు మాత్రం గట్టిగా చెప్పండి. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేనే లేని కేసులను తమ పత్రంలో పెట్టి 5,000 డాలర్ల జరిమానాకు గురయ్యారు. మన దగ్గర ఇంకో గొడవ ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్యకు 302 పోయి 103, మోసానికి 420 పోయి 318. పాత గైడ్లు, నెట్‌లో పాత నోట్సు ఇంకా పాత నంబర్లే చెప్తాయి. కాబట్టి ఏ కేసైనా ఏ సెక్షన్ అయినా మూలంలో చూడందే రాయకూడదన్నది మీ క్లాసు కట్టుబాటు చేయండి. చట్టాలు ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టు సొంత వెబ్‌సైట్ ఈ-ఎస్‌సీఆర్‌లో ఉన్నాయి, కొన్ని తెలుగు అనువాదాలతో సహా. డిగ్రీ అయ్యాక లాయరుగా పనిచేయడానికి రాసే ఆలిండియా బార్ పరీక్షలో నోట్సు లేని బేర్ యాక్టు, అంటే ఒట్టి చట్టం మాత్రమే ఉన్న పుస్తకం, చేతిలో ఉంచుకోనిస్తారు. అందులో వెతుక్కోవడం రానివాడికి అది ఉన్నా లేనట్టే.

సీటు ఇప్పిస్తానన్న ఆయనకు ఒక్క రూపాయి కూడా కట్టవద్దని ఈ రోజే చెప్పండి. ఎల్ఎల్‌బీ ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ లేదు. 2020 నాటి యూజీసీ నియమాలు ఆ పద్ధతిలో చెప్పకూడని కోర్సుల్లో లాను చేర్చాయి. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం క్లాసులకు 70 శాతం హాజరు ఉండాలి. అలా కాకుండా తెచ్చుకున్న కాగితంతో నల్లకోటు వేసుకోలేరు. మన దగ్గర మామూలు దారి, లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి గుర్తింపు ఉన్న కాలేజీలో చేరడం. ఇంకొకటి కూడా అడిగి తెలుసుకోండి, ఆ విద్యార్థి ఇంటర్ చేశాడా లేదా? పది తర్వాత ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. బార్ కౌన్సిల్ నియమం వాళ్లను ఎల్ఎల్‌బీకి అర్హులుగా చూడదు. ఇంటర్ పాసై తర్వాత ఓపెన్ డిగ్రీ చేస్తే ఆ ఇబ్బంది లేదు. ఈ సంగతి తెలియక కోచింగ్‌కు డబ్బు తగలేసినవాళ్లను చూశాను.

మీ ఎంబీఏ పరిస్థితి వేరు. యూజీసీ అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం. అయితే ఆ అనుమతి ఏ విశ్వవిద్యాలయానికి, ఏ కోర్సుకు, ఏ సంవత్సరానికి ఉందో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఫ్రాంచైజీ సెంటర్లు పెట్టి అడ్మిషన్లు ఇవ్వడం నియమాలకు విరుద్ధం. కాబట్టి మధ్యలో మనిషి కనిపిస్తే అనుమానించాల్సిందే.

మీ ఆదివారం పిల్లలు పగలు కాలేజీకి వెళ్తున్నారు కాబట్టి వాళ్లకు మళ్లీ లెక్చర్ వద్దు. నెలకు ఒకరోజు వాళ్లను దగ్గరి కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోబెట్టండి, కోర్టు బహిరంగమే. చెక్ బౌన్సు కేసు ఒకటి చూసి రమ్మనండి. చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన ముప్పై రోజుల్లో నోటీసు, నోటీసు అందాక పదిహేను రోజుల గడువు, అదీ దాటితే నెలలోపు ఫిర్యాదు. ఈ తేదీలన్నీ ఎదురుగా ఉన్న ఫైలులో ఎలా నడిచాయో వచ్చి ఫోన్లో చెప్పమనండి.

ఒక మాట మీ గురించి కూడా. రిటైరయ్యాక నేనొక సంస్థకు రికార్డు పాఠాలు చెప్పాను. గంట వీడియోకు ఇంత అని ఇచ్చేవాళ్లు. పేపరు దిద్దినందుకు, ఫోన్లో మాట్లాడినందుకు పైసా లేదు. అడిగితే "అది మా మాడ్యూల్‌లో లేదు సార్" అన్నారు. మీ దగ్గరా అంతే అయి ఉంటుంది. ఆన్‌లైన్ కోర్సుకు వీడియో, చదివే నోట్సు, చర్చ, పరీక్ష అని నాలుగు భాగాలుండాలి. మూడోదానికే ఎవరూ జీతం ఇవ్వరు. లైవ్ క్లాసులు వారానికి ఒకటి తగ్గించి ఆ గంట పేపర్లకు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే లైవ్‌లోనే చివరి ఇరవై నిమిషాలు పేర్లు లేకుండా మూడు జవాబులు చదివి దిద్దండి. మీ ఫోన్ నంబరు ఇచ్చినా, మాట్లాడే గంట ఇదని చెప్పండి. రాత్రి పదకొండు గంటల "మేడమ్, ఒక్క డౌట్" అనే మెసేజ్‌కు పొద్దున జవాబు ఇస్తే ఎవరూ చావరు. మీ ఇంట్లోనూ మనుషులున్నారు.

మిగిలింది అచ్చంపేట అబ్బాయి. లాగిన్ కాలేదని విశ్వవిద్యాలయం నుంచి అతనికి ఈపాటికి నాలుగు ఆటోమేటిక్ మెయిల్స్ వెళ్లి ఉంటాయి, అవి లెక్కలోకి రావు. మీరు చేయండి. "ఎందుకు రావడం లేదు?" అని మొదలుపెట్టకండి, హాజరు అడిగినట్టుంటుంది. షాపులో పని ఎలా ఉందని అడగండి. షిఫ్ట్ మారి ఉండొచ్చు, ఫోన్ పాడై ఉండొచ్చు, ఊళ్లో పత్తి తీసే రోజులై ఉండొచ్చు. లేదా మొదటి నెలలో అతను పంపిన అసైన్‌మెంట్ ఇంకా మీ దగ్గరే ఉండి ఉండొచ్చు. ఫోన్ చేసే ముందు అది వెతికి, చదివి, పక్కన పెట్టుకుని చేయండి. బిల్లింగ్ కౌంటర్ మూశాక, రాత్రి తొమ్మిదిన్నర తర్వాతైతే ఎత్తుతాడు.